కడవరి గుర్తులు

ఆర్మూరు పసుపు మార్కెట్లో బస్తాలు కుట్టే దేవిదాసును ఎరగని రైతు లేడు. కాంటా అయిన పసుపును గోనె సంచుల్లో నింపాక, ఆ సంచి మూతిని దబ్బనంతో, సుతిలి దారంతో బిగించి కుట్టడం అతని పని. చేతులు కుడుతూనే ఉండేవి, నోరు లోకం సంగతులు చెబుతూనే ఉండేది. చిన్నప్పుడు మిషను హాస్టల్లో ఉండి ఏడో తరగతి దాకా చదివాడు. బాప్తిస్మం ఇచ్చినప్పుడు చర్చి అయ్యగారు దానియేలు అని పేరు పెట్టారు గాని, ఆ పేరు చర్చి గోడ దాటి బయటకు రాలేదు. దేవిదాసు మాత్రం దాన్ని లోపల భద్రంగా ఉంచుకున్నాడు. బైబిల్లో రాజుల కలలు విప్పి చెప్పినవాడి పేరు తనకు ఊరికే రాలేదని అతని నమ్మకం.

చాయ్ హోటల్లో పదిమంది చేతులు మారి నలిగిన పేపరు మధ్యాహ్నానికి అతని దగ్గరకు చేరేది. ఏ పెద్ద వార్త కనబడినా సాయంత్రం ఇంట్లో బైబిలు ముందేసుకుని దానికి చోటు వెతికేవాడు. ఎక్కడో రష్యాలో కరెంటు తయారుచేసే కార్ఖానా పేలి గాలీ నీళ్ళూ విషమయ్యాయని చదివిన రోజు, నీళ్ళను చేదు చేసే మాచిపత్రి నక్షత్రం పడిందని మార్కెట్టంతా చెప్పాడు. చేలల్లో పసుపు దుంప కుళ్ళిన ఏడు, నల్లగుర్రం ఎక్కి వచ్చే కరువు దగ్గరికొచ్చిందన్నాడు. సిద్ధుల గుట్ట మీది నల్ల బండలను చూపించి, "ఒక దినమొస్తది. గొప్పోళ్ళు, గరీబోళ్ళు అందరు గా బండల సందుల దాసుకుంటరు. మా మీద పడి మమ్ముల కప్పుండ్రి అని గుట్టలను బతిమాలుతరు" అనేవాడు. హమాలీలు బీడీలు ఆర్పి మరీ వినేవారు.

కమ్మర్‌పల్లి నుంచి పసుపు తెచ్చే ముత్తెన్న అనే రైతు అతన్ని ఆట పట్టించకుండా పోయేవాడు కాదు.

"దేవిదాసూ, దునియ ఇంకెన్నొద్దులుంటదో జర చెప్పు. పసుపు ఇయ్యాల్నే అమ్మాల్నా, ధర వచ్చేదాక ఆపాల్నా?"

"నవ్వు పటేలా, నవ్వు. నోవహు ఓడ కడుతుంటె గూడ గిట్లనే నవ్విండ్రు."

"నువ్వు ఓడ కడితె నాకింత జాగ ఉంచు. నేను, నా రెండెడ్లు."

అందరూ నవ్వేవారు. దేవిదాసూ నవ్వేవాడు. జనాన్ని భయపెట్టాలన్న సరదా అతనికి లేదు. అతని భార్య శాంతవ్వకు ఇద్దరు పిల్లలు పుట్టి, ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. ఎందుకు పోయారో దవాఖానలో ఎవరూ చెప్పలేదు, చర్చిలోనూ ఎవరూ చెప్పలేదు. లోకంలో జరిగేదంతా ముందే రాసిపెట్టిన వరుసలో జరుగుతోందంటే, ఆ ఇద్దరు పసివాళ్ళు పోవడానికి కూడా అందులో ఎక్కడో చోటు ఉండే ఉంటుంది. పేపరు పక్కన బైబిలు పెట్టుకుని అతను రోజూ వెతికింది నిజానికి ఆ చోటు కోసమే.

పిల్లలు లేని ఆ ఇంట్లో పిల్లవాడు ఒక్కడే, దేవిదాసు తమ్ముడు పోచయ్య. ఇంటి పెద్దలు ఇంకా క్రీస్తును నమ్ముకోకముందు, తల్లి ఊరి దేవత పోచమ్మకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. నడక రాకముందే తల్లి పోయింది. శాంతవ్వే నీళ్ళు పోసి, బువ్వ పెట్టి పెంచింది. అన్న ఏది చెబితే అది వాడికి వేదం. నర్సవ్వ అనే ఏర్గట్ల పిల్లను చేసుకున్నాడు. రూతు అని ఒక ఆడపిల్ల పుట్టింది. పిల్ల పుట్టిన మరుసటేడు అందరిలాగే వాడూ కువైట్ పోయాడు. అక్కడ కట్టడాల దగ్గర మేస్త్రీ కింద పని.

తొంభయ్యో సంవత్సరం, పసుపు మార్కెట్టు మంచి జోరు మీద ఉన్నప్పుడు పోచయ్య సెలవు మీద వచ్చాడు. అతను పంపిన దానితో ఇంటి వెనక రెండు గదుల గోడలు లేచి, కప్పు లేకుండా నిలబడి ఉన్నాయి. సెలవు అయిపోవస్తుంటే ఒక సాయంత్రం వాకిట్లో అన్న పక్కన కూర్చుని అడిగాడు.

"అన్నా, నర్సవ్వ పోవద్దంటున్నది. గా దేశాల దిక్కు ఏదో గడబిడ ఉన్నదని పేపర్ల వస్తున్నదంట గద. నువ్వు జెప్పు. పోవాల్నా, ఒద్దా?"

గడప మీద కూర్చున్న నర్సవ్వ అందుకుంది. "బావా, గా గోడల మీద ఇన్ని రేకులేసుకుంటం. గదే సాలు మాకు. పోవద్దని మీరన్న జెప్పుండ్రి."

దేవిదాసు లోపలికి వెళ్ళి బైబిలు తెచ్చుకుని, దీపం దగ్గరకు జరిగి చాలాసేపు పేజీలు తిప్పాడు. మార్కెట్టులో నలుగురూ నవ్వుతూ అడిగేదాన్ని తన తమ్ముడు నిజంగా అడిగాడు. ఆ సంగతి అతని ఛాతీలో వెచ్చగా తగిలింది. ఇక్కడ ఒక వాక్యం, అక్కడ ఒక వాక్యం వేలుతో పట్టుకుని, చివరికి తలెత్తాడు.

"పోరా. ఏం గాదు. లడాయి అయితె వస్తది, గని మొదలు ఉత్తరపు రాజు లేవాలె. ఉత్తరపు రాజంటె రష్యా. వాడు లేవకముందు గా ఎడారి దిక్కు నిప్పు వడదు. రష్యాల ఇప్పుడు అందరు శాంతి శాంతి అంటున్నరు. ఇంక టైమున్నది. ఇంకొక్కపారి పోయి ఇల్లు పూర్తి జేస్కొని రా."

"గట్లని రాసున్నదా బావా?" అని నర్సవ్వ అడిగింది. ఆమెకు చదువు రాదు.

"రాసున్నది బిడ్డా."

పుస్తకంలో ఉన్నది ఉత్తరపు రాజు మాటే. ఆ రాజు రష్యా అనీ, అతను లేచేదాకా కువైటుకు భయం లేదనీ కట్టుకున్న లెక్క దేవిదాసుది. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా ఆ సాయంత్రం అతనికి కనిపించలేదు. ఈస్టరు పండుగ వెళ్ళిన వారానికి పోచయ్య బొంబాయి బస్సెక్కాడు.

ఆగస్టు మొదటి వారంలో ఒకరోజు మంగలి దుకాణంలో రేడియో పెడితే దేవిదాసు బయట నిలబడి విన్నాడు. ఇరాకు సైన్యాలు సరిహద్దు దాటాయని చెబుతున్నారు. ఇరాకంటే బబులోను. యూఫ్రటీసు నది పారే నేల. బబులోను లేవడం కడవరి గుర్తని పదేళ్ళుగా మార్కెట్టులో చెబుతూ వచ్చాడు. మిగతా వార్త చెవిన పడినా మనసుకెక్కలేదు, చెప్పులు చేతబట్టుకుని ఇంటికి పరుగెత్తాడు. వాకిట్లోకి వస్తూనే కేక వేశాడు.

"నెరవేరింది! శాంతవ్వా, నెరవేరింది! బబులోను లేసింది!"

అతని ముఖం వెలిగిపోతోంది. నర్సవ్వ వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. "ఎవల మీదికి లేసింది బావా?" అని అడిగింది.

"కువైట్ మీదికి" అన్నాడు దేవిదాసు. అన్నాక తన నోటి నుంచి వచ్చిన మాట తన చెవికే వినబడింది.

నర్సవ్వ చేటను కింద పెట్టింది. చాలా నెమ్మదిగా, ఒక్క గింజ ఒలకకుండా పెట్టింది.

"రూతు బాపు ఉన్న కువైటేనా?"

దేవిదాసు గోడకు ఆనుకున్నాడు. శాంతవ్వ లోపలి నుంచి వచ్చి ఇద్దరి ముఖాలూ చూసి ఏడుపు అందుకుంది. నర్సవ్వ ఏడవలేదు. చిన్నపిల్ల లెక్క తప్పితే పంతులును అడిగినట్టు అడిగింది. "ఉత్తరపు రాజు లేవకముందు గా దిక్కు నిప్పు వడదంటిరి గద బావా?"

"ఇది... ఇది అసలు లడాయి గాదు బిడ్డా. ఇది ఉత్తగనే చల్లారుతది" అన్నాడు. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదని అతనికి తెలుసు.

ఆ తర్వాతి రోజుల్లో దేవిదాసు మార్కెట్టు పని వదిలేసి బస్టాండులోనే ఉండేవాడు. నిజామాబాదు నుంచి వచ్చే ప్రతి బస్సు దగ్గరికీ వెళ్ళేవాడు. కువైటు నుంచి తప్పించుకుని వచ్చినవాళ్ళు ఒక్కొక్కరుగా దిగుతున్నారు. చేతిలో చిన్న సంచి, మీద చెమటకు మాసిన బట్టలు, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ప్రతి ఒక్కరినీ పట్టుకుని అడిగాడు. పోచయ్యను చూశామని ఒకరన్నారు, వెనక వస్తున్నాడని ఇంకొకరన్నారు. సాయంత్రం ఇంటికి రాగానే నర్సవ్వ ముఖం చూసి, "వస్తడు. ఎర్రసముద్రం దాటిచ్చినోడు ఎడారి దాటియ్యడా?" అనేవాడు. ఆమె తలూపేది. ఆ తలూపడం చూసి అతనూ కాసేపు నమ్మేవాడు.

దసరా వెళ్ళాక, పోచయ్యతో ఒకే గదిలో ఉన్న హన్మయ్య తిరిగి వచ్చాడని తెలిసింది. అతనిది మెండోర. శ్రీరాంసాగర్ డ్యాం నీళ్ళలో చేపలు పట్టే కుటుంబం. తనొక్కడే వెళ్ళొస్తానని దేవిదాసు అంటే నర్సవ్వ వినలేదు. ఇద్దరూ బస్సులో వెళ్ళారు.

హన్మయ్య ఇంటి ముందు మంచంలో పడుకుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. వీళ్ళెవరో తెలియగానే లేచి నిలబడి నర్సవ్వ ముఖం చూడలేక నేల చూశాడు. అంతలోనే ఇద్దరికీ తెలిసిపోయింది. అయినా నర్సవ్వ కింద కూర్చుని, "మొదటికెళ్ళి చెప్పు అన్నా" అంది.

"లడాయి మొదలైన వారానికే మస్తు మంది ట్రక్కులు మాట్లాడుకొని బయలెల్లిండ్రు చెల్లె. మా రూమోళ్ళు గూడ పోయిండ్రు. గా ట్రక్కుల మా ఇద్దరికి జాగ ఉండె. పోదాం పా అన్న నేను. పోచయ్య నవ్విండు. మా అన్న పుస్తకం సదివి జెప్పిండు, గీ దిక్కు ఇప్పుడు లడాయి రాదు, గీ గడబిడ నాలుగొద్దులల్ల చల్లారుతది అన్నడు. గంత నమ్మకంగ చెప్తుంటె నాక్కూడ ధైర్నమైంది. నేను గూడ ఆగిన." హన్మయ్య దేవిదాసు వైపు తిరిగి, మంచి మాట చెబుతున్నట్టే చెప్పాడు. "మీరంటె వానికి శానా నమ్మకముండె అన్నా. అందరికి మీ ముచ్చటే చెప్తుండె."

దేవిదాసు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

తిండి కరువై చివరికి వాళ్ళూ బయలుదేరారట. బాగ్దాదు మీదుగా జోర్డాను సరిహద్దు దాకా చేరారట. అక్కడ ఇసుకలో గుడారాలు, వేలాది మంది, నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు. పోచయ్యకు వాంతులు, భేదులు పట్టుకున్నాయి.

"డాక్టర్ల గుడారం కాడికి మోస్కపోయిన. మస్తు పెద్ద లైను. లైనుల ఉండంగనే పాణం పోయింది. గా ఇసుకలనే పెట్టినం చెల్లె. కేరళ క్రైస్తవులు ఉండిరి ఆడ. వాళ్ళు పార్థన జేసిండ్రు."

"ఏమన్న అన్నడా?" అంది నర్సవ్వ.

"నీళ్ళ ముచ్చటే. మా ఇల్లు డ్యాం పక్కకే అని తెలుసు గద వానికి. శ్రీరాంసాగర్ నిండిందా, గేట్లెత్తిండ్రా అని అడిగిండు. నాకేం తెలుసు? ఎత్తిండ్రు, నీళ్ళు మస్తు పోతున్నయని చెప్పిన. మంచిగైంది అన్నడు."

తిరుగు బస్సులో నర్సవ్వ కిటికీ పక్కన కూర్చుంది. దారి పొడవునా బయటికే చూస్తూ ఉంది. ఆమె తిట్టి ఉంటే, గుండెలు బాదుకుని శాపనార్థాలు పెట్టి ఉంటే అతనికి ఏదో ఒక దారి దొరికేది. ఆమె ఇంటికి వచ్చాక గాజులు తీసి గూట్లో పెట్టి, రూతును ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుంది.

పుట్టింట్లో అన్నదమ్ముల మీద పడడం ఇష్టం లేక ఆమె ఏర్గట్ల పోలేదు. మార్కెట్టులోనే పసుపు జల్లెడ పట్టే పనిలో చేరింది. అదే ఇంట్లో ఉంది, అదే పొయ్యి మీద వండింది. కాని దేవిదాసుతో మాట్లాడడం మానేసింది. ఏదైనా చెప్పాలంటే రూతుతో చెప్పేది. "పెద్దబాపును బువ్వ తినుమను." "పెద్దబాపు అంగి ఉతికి పెట్టిన అని చెప్పు." దేవిదాసు కూడా జవాబు రూతుకే చెప్పేవాడు. మూడు గజాల దూరంలో ఉన్న మనుషుల మధ్య ఆ పిల్ల మాటలు మోసేది.

జనవరిలో అసలు యుద్ధం మొదలైంది. బాగ్దాదు మీద బాంబులు పడుతున్నాయని రేడియో చెప్పింది. ఎన్నడూ లేనంతగా జనం దేవిదాసు దగ్గరికి రావడం అప్పుడే. పదేళ్ళుగా బబులోను అన్నవాడు, చెప్పినట్టే అయిందని వాడవాడలా అనుకున్నారు. ఆదివారం చర్చిలో అయ్యగారు ప్రసంగించడానికి అతన్ని పిలిచారు. అతను లేచి నిలబడ్డాడు గాని బైబిలు తెరవలేదు. ముందు వరుసలో, ఆడవాళ్ళ వైపు నర్సవ్వ తల మీద కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. "నాతోని గాదు అయ్యగారూ" అని చెప్పి మళ్ళీ కూర్చున్నాడు.

మార్కెట్టుకు ముత్తెన్న వచ్చాడు. ఈసారి నవ్వలేదు. అతని అక్క కొడుకు దుబాయిలో ఉన్నాడు.

"దేవిదాసూ, ఎన్కట నవ్వినదానికి ఏమనుకోకు. గీ లడాయి దుబాయి దాక పోతదా? పోరన్ని పిలిపిచ్చుకోవాల్నా? నీ పుస్తకంల ఏమున్నదో చూసి జెప్పు."

దేవిదాసు చేతిలోని దబ్బనం ఆగిపోయింది. "నాకు తెల్వదు పటేలా."

"ఇన్నేండ్లు చెప్పినవు గద. తెల్వకుంటెనే చెప్పినవా?"

"అవ్ పటేలా. తెల్వకనే చెప్పిన." తల దించుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. ఇంకో కుట్టు బిగించి అన్నాడు. "నీకు భయమైతె పిలిపిచ్చుకో. ఎవలను అడగకు. నన్నైతె అసలే అడగకు."

ముత్తెన్న అతని పక్కన, బస్తా మీద చాలాసేపు కూర్చుని పోయాడు.

తర్వాత దేవిదాసు పేపరు చదవడం మానేశాడు. లాతూరులో భూకంపం వచ్చినప్పుడు ఆర్మూరులో కూడా నేల కదిలింది. తెల్లవారగానే వాడ జనం అతని ఇంటి ముందు గుమిగూడారు. వాళ్ళకు గుర్తులు కావాలి. అతను బయటికి వచ్చి, "పాత గోడల కింద కూసోకుండ్రి, పిల్లలను దూరం పెట్టుండ్రి" అని మాత్రం చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. బైబిలు చదివేవాడు, కాని కీర్తనలు తప్ప చదివేవాడు కాదు. కొన్నాళ్ళకు శాంతవ్వ జబ్బు పడి పోయింది. ఆఖరి రోజుల్లో ఆమెకు నీళ్ళు తాగించిందీ, ఒళ్ళు తుడిచిందీ నర్సవ్వే. ఆ చావుకు కూడా ఆమె, దేవిదాసు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

రూతు ఆరో తరగతికి వచ్చింది. క్రిస్మసుకు పిల్లలకు బైబిలు పోటీ పెట్టారు. ఆమెకు దానియేలు గ్రంథం వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని పెద్దబాపు దగ్గర కూర్చుంది. అగ్నిగుండం, సింహాల గుహ చదివింది. తర్వాత సముద్రంలోంచి నాలుగు మృగాలు లేచే చోట ఆగిపోయింది.

"పెద్దబాపూ, గీ జంతువులు ఎవలు?"

దేవిదాసు ఒకప్పుడు ఆ ప్రశ్నకు తెల్లవారేదాకా జవాబు చెప్పగలిగేవాడు. ఇప్పుడు పిల్ల ముఖం చూశాడు. పోచయ్య కళ్ళే.

"నాకు తెల్వదు బిడ్డా."

పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తున్న నర్సవ్వ చెయ్యి ఆగింది. ఏడేళ్ళలో మొదటిసారి ఆమె అతనితో నేరుగా మాట్లాడింది.

"గా రోజు గూడ గిదే మాటంటె అయిపోతుండె గద బావా. తెల్వదు అంటె ఆయన ఆగిపోతుండె."

ఆమె గొంతులో కోపం లేదు. ఏళ్ళ తరబడి లోపల మోసిన బరువును ఎక్కడ దించాలో తెలియక అక్కడ దించినట్టుంది. దేవిదాసు లేచి పొయ్యి దాకా నడిచి, ఆమె ముందు నేల మీద కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. తమ్ముడు పోయాడని తెలిసిన రోజు కూడా అతను అట్లా ఏడవలేదు. రూతు భయపడి తల్లి వెనక్కి చేరింది. నర్సవ్వ ఓదార్చలేదు. పెనం మీద మాడుతున్న రొట్టెను తీసి పక్కన పెట్టి, అతని ఏడుపు ఆగేదాకా అక్కడే కూర్చుంది. తర్వాత కంచంలో రొట్టె వేసి అతని ముందుకు జరిపింది. "తినుండ్రి" అంది. ఈసారి రూతుతో చెప్పించలేదు.

క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు. అతను అడగనూ లేదు. కాని ఆ మరుసటి ఈస్టరుకు ముందు, అందరూ సమాధులకు సున్నం వేసుకుంటున్న వారంలో, ఆమె వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"అందరు పూలు పట్టుకొని పోతరు బావా. రూతు ఏడికి పోవాలె? ఉత్తదైనా సరే, ఒక రాయన్న పెట్టుండ్రి."

దేవిదాసు ఇటుకలు తెచ్చి, శాంతవ్వ సమాధి పక్కన ఎవరూ లేని ఒక చిన్న సమాధి కట్టించాడు. రాయి చెక్కేవాడు పేరు కింద ఏ వాక్యం రాయాలని అడిగాడు. మార్కెట్టులో ప్రతి సంగతికీ ఒక వాక్యం చూపించిన మనిషి నోటికి ఒక్కటీ రాలేదు. నర్సవ్వ వైపు చూశాడు.

"వాక్యమేం ఒద్దు" అంది ఆమె. "పోచయ్య, రూతు బాపు అని రాయమనుండ్రి."

అదే రాశారు. పండుగ నాడు పొద్దున ముగ్గురూ వెళ్ళారు. రూతు రాయి మీద బంతిపూలు పెట్టింది. నర్సవ్వ కొంగు నోట్లో కుక్కుకుని వంగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు పునరుత్థానం పాటలు పాడుతుంటే, దేవిదాసు వాటితో గొంతు కలపలేక ఆ ఖాళీ సమాధి అంచు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.